మెకాంగ్ పెద్ద టేకు చేప ఎక్కడెక్కడ ఉంది? – ప్రాజెక్టు డైరీ

నదిలో ఒక చేప ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉందో జాలర్లను అడిగి పటం గీయాలనుకునేవాళ్ల కోసం ఈ డైరీ రాస్తున్నాను. నేను చేసిన తప్పులు వాళ్లు చేయకూడదు. ఇక్కడ టేకు అంటే చెట్టు కాదు, ఇంగ్లిష్‌లో స్టింగ్‌రే అనే చేప: పళ్లెంలా చదునైన ఒళ్లు, పొడవాటి తోక, తోకకి ముల్లు. నేను ముత్తుకూరులో మత్స్యశాస్త్రం చదివాను. మాది యానాం దగ్గర గోదావరి పాయ మీద జాలరి పల్లె. పని చేసింది కంబోడియాలో, మెకాంగ్ నది మీద, స్టంగ్ ట్రెంగ్ నుంచి క్రాచే దాకా. రోడ్డు మీద ఇది దాదాపు 140 కిలోమీటర్లు. బృందం అంటే ముగ్గురం: నేను, కంబోడియా వాళ్ల ఖ్మేర్ భాష నుంచి ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పే స్టంగ్ ట్రెంగ్ అమ్మాయి, పడవ నడిపే పెద్దాయన.

ఊళ్ల పేర్లు, మడుగుల జీపీఎస్ అంకెలు కావాలనే ఇవ్వడం లేదు. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న చేప ఫలానా మడుగులో ఉందని చెబితే రేపు గాలం అక్కడే పడుతుంది. అందుకని నది పొడవునా పది కిలోమీటర్లకు ఒక గడి చొప్పున 14 గడులు గీసి, గడి నంబరు మాత్రమే రాస్తున్నాను. మీరు కూడా మొదటి రోజే ఈ నిర్ణయం తీసుకోండి. అంకెలు ఒకసారి బయటికి వెళ్తే మళ్లీ వెనక్కి రావు.

ముందుగా తెలిసి ఉండాల్సినవి

మన తీరంలో టేకు అంటే సముద్రపు చేపే గుర్తొస్తుంది. ఇది మంచినీళ్లలో బతికే టేకు. 2022 జూన్ 13న స్టంగ్ ట్రెంగ్ దగ్గర కో ప్రెయా అనే లంక పక్కన ఒక జాలరికి ఇలాంటిదే పడింది. 300 కిలోలు, ముక్కు నుంచి తోక చివరిదాకా 3.98 మీటర్లు, రెక్కల వెడల్పు 2.2 మీటర్లు. తూకం వేసి రికార్డు చేసిన మంచినీటి చేపల్లో ప్రపంచంలో అదే పెద్దది. అంతకుముందు రికార్డు 2005లో థాయిలాండ్‌లో దొరికిన 293 కిలోల మెకాంగ్ జెల్లది. ఈ టేకుకి ట్యాగ్ పెట్టి నదిలోకి వదిలేశారు. దానికి బోరమీ అని పేరు పెట్టారు. ఖ్మేర్‌లో నిండు చంద్రుడని అర్థం, మన చెవికి పౌర్ణమి అన్నట్టే వినిపిస్తుంది. థాయ్ వాళ్లు ఈ జాతిని క్రాబెన్ రాహు అంటారు, క్రాబెన్ అంటే టేకు. రాహువు పేరున్న చేపకి చంద్రుడి పేరు పెట్టారని మా అమ్మకి చెబితే చాలాసేపు దాని గురించే మాట్లాడింది.

పాత రికార్డులు వెతికేవాళ్లకు ఒక హెచ్చరిక. ఈ చేపకి శాస్త్రీయంగా ఒకటి కంటే ఎక్కువ పేర్లున్నాయి. 1852లో బ్లీకర్ అనే డచ్ శాస్త్రవేత్త జావాలోని బటావియా (ఇప్పటి జకార్తా) నుంచి వచ్చిన పిల్ల టేకుని చూసి పాలిలెపిస్ అన్నాడు. 1990లో థాయిలాండ్ చేపలకి హిమంతురా చావోఫ్రాయా అని విడిగా పేరు పెట్టారు. రెండూ ఒకటేనని తర్వాత తేలింది. ఇప్పుడు పేరు యూరోజిమ్నస్ పాలిలెపిస్. నేను మొదట కొత్త పేరుతోనే వెతికి పాత రికార్డులు చాలా వదిలేశాను. పాలిలెపిస్, చావోఫ్రాయా అనే రెండు మాటలతోనూ వెతకండి. థాయిలాండ్‌లో చావోఫ్రాయా, మే క్లాంగ్, బాంగ్ పకాంగ్ నదులు, బోర్నియోలో మహకం, కినబతంగన్ నదులు అలాగే బయటికొచ్చాయి.

విస్తరణ తెలియడం ఎందుకు ముఖ్యమో మే క్లాంగ్ చెబుతుంది. 2016 చివర్లో అక్కడ నీళ్లు పాడై కొన్ని రోజుల్లోనే ఈ టేకులు పదుల సంఖ్యలో చచ్చి తేలాయి. ఒక ఈతకి ఒకటి నుంచి నాలుగు పిల్లలు మాత్రమే పెట్టే జాతి ఇది. ఒక నదిలో ఒక్కసారి అలా జరిగితే మళ్లీ కోలుకోవడానికి ఎన్నేళ్లు పడుతుందో ఆలోచించండి. ఇంకా ఎక్కడెక్కడ మిగిలి ఉన్నాయో తెలియకుండా దేన్ని కాపాడాలో తెలియదు.

మొదటి దశ: రోజు 1–9. అడిగిన తీరే తప్పు

నాలుగు ఊళ్లు, 23 మందితో మాట్లాడాం. ప్రశ్నాపత్రంలో మొదటి ప్రశ్న "మీరు పెద్ద టేకుని చూశారా?" అన్నది. ఇందులోనే రెండు తప్పులున్నాయి.

ఒకటి, ఖ్మేర్‌లో బబెల్ అంటే ఏ టేకైనా కావచ్చు. పెద్దదాన్ని చెప్పడానికి యక్షుడి మాట చేర్చి బబెల్ యేక్ అంటారు. కానీ ఎంత పెద్దదైతే యక్షుడు? ఒకాయనకి పది కిలోలది యక్షుడే. ఇంకొకాయన వందకి తక్కువైతే లెక్కే లేదన్నాడు.

రెండు, "చూశారా" అని అడిగితే ఎదుటివాళ్లు మర్యాదకి అవుననే అంటారు. మన ఊళ్లో మాత్రం? దూరం నుంచి వచ్చిన పిల్ల, పుస్తకం పట్టుకుని ఎండలో కూర్చుంది, లేదని ఎలా చెబుతాం అనుకుంటారు కదా.

అసలు దెబ్బ మూడో ఊళ్లో తగిలింది. మొదటి రెండు ఊళ్లలో ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. 11 మంది కలిసి 9 కబుర్లు చెప్పారు. వాళ్ల సమయం ఊరికే తీసుకుంటున్నామని నాకు మనసులో బాధగా ఉండి, మూడో ఊరి నుంచి చెప్పిన ఒక్కో కబురుకి ఒక ఫోన్ రీచార్జి కార్డు ఇచ్చాను. తర్వాతి రెండు ఊళ్లలో 12 మంది 22 కబుర్లు చెప్పారు. ఒకే మనిషి నాలుగు టేకుల్ని నాలుగు తేదీల్లో చెప్పాడు. అన్నిటికీ బరువు 200 కిలోలే.

ఆ రాత్రి టేబుల్ మీద కాగితాలు పరుచుకుని చూస్తే తేడా అర్థమైంది. తప్పు వాళ్లది కాదు, కబురుకి ధర కట్టింది నేను. 22 కబుర్లూ పక్కన పెట్టేశాను. ఆ రెండు ఊళ్లను కూడా "అడగని ఊళ్లు" కిందికి మార్చాను.

మార్చినవి:

1. పలకరించగానే ఇంటికి ఒక టీ పొడి ప్యాకెట్. టేకుని చూసినా చూడకపోయినా అదే.
2. మొదటి ప్రశ్న టేకు గురించి కాదు. "ఈ నదిలో మీకు పడే చేపలేంటి?" టేకు వాళ్ల నోటే వస్తే మంచిది, రాకపోతే ఐదో ప్రశ్నలో అడుగుతాం.
3. ట్రాన్స్‌లేటర్ అమ్మాయి సారాంశం చెప్పకూడదు. వాళ్ల అనుమతితో ఫోన్‌లో రికార్డు చేసి, సాయంత్రం మాట మాట మళ్లీ వింటాం. ఆ అమ్మాయి నన్ను బాంగ్, అంటే అక్కా, అని పిలిచేది. "బాంగ్, ఆయన పది నిమిషాలు చెప్పింది నేను ఒక్క ముక్కలో చెప్పేశాను" అని తనే ఒప్పుకుంది. ఆ పది నిమిషాల్లోనే మాకు కావాల్సింది ఉంది.

ఇప్పటిదాకా మొత్తం: మాట్లాడింది 23 మంది. వచ్చిన కబుర్లు 31, ఉంచుకున్నవి 9. ఖర్చు 190 డాలర్లు.

రెండో దశ: రోజు 10–24. వీపు కాదు, పొట్ట చూడాలి

ఆరు కొత్త ఊళ్లు, 38 మంది. ఈసారి ఫొటో కార్డులు చేయించాం. మెకాంగ్‌లో దొరికే టేకులతోపాటు, ఇక్కడ ఉండే అవకాశమే లేని దక్షిణ అమెరికా నదుల టేకు ఫొటో ఒకటి కలిపాం. వీపు మీద గుండ్రటి పసుపు చుక్కలుంటాయి, గుర్తుపట్టడం తేలిక. దాన్ని చూపించి "ఇది కూడా పడుతుంది" అన్నవాళ్ల కబుర్లు విడిగా పెట్టాలి. 38 మందిలో ఐదుగురు ఆ కార్డు తీశారు. వచ్చిన 28 కబుర్లలో వాళ్లవి 4. అవి పోగా 24. పాతవి 9 కలిపితే 33.

కార్డుల సైజు కూడా ముఖ్యమే. మొదట అన్ని ఫొటోలూ ఒకే కొలతలో ప్రింటు చేయించాను. దాంతో జానెడు టేకూ, మంచమంత టేకూ ఒకేలా కనిపించాయి. రెండో రోజున ప్రతి కార్డు మీదా పక్కన నిలబడ్డ మనిషి బొమ్మ వేయించాను.

పదిహేడో రోజు ఉదయం ఒక జాలరి కబురు పంపాడు. యక్ష టేకు పిల్ల పడిందట. పడవలో వెళ్లేసరికి ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి ఉంచాడు. గోధుమ రంగు వీపు, నీళ్లలో మట్టి రంగులో కలిసిపోయి ఉంది. కళ్ల వెనక ఉన్న రెండు రంధ్రాలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. తోక మొదట్లో ముల్లు. ఆయన తన మెడలోని గళ్ల తువ్వాలు, ఇక్కడ క్రమా అంటారు, తడిపి ముల్లు చుట్టూ రెండు చుట్లు చుట్టాడు. రెక్క కొస నుంచి రెక్క కొసకి టేపు పెడితే 41 సెంటీమీటర్లు. నాకు గుండె దడదడలాడుతోంది. పుట్టినప్పుడే ఈ జాతి పిల్ల 30 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి 41 సరిగ్గా సరిపోతుంది.

ఆయన రెండు చేతులూ కింద పెట్టి నీళ్లలోనే కొంచెం వాల్చి పొట్ట చూపించాడు. తెల్లటి పొట్ట మీద అంచుల వెంట నారింజ మచ్చలు, పసుపూ కుంకుమా కలిపి అద్దినట్టు. తోక కింద సన్నటి చర్మపు మడత కూడా ఉంది.

అది మెకాంగ్ చిన్న టేకు. హెమిట్రైగాన్ లావోసెన్సిస్ అంటారు. 1987లో శాస్త్రీయంగా వర్ణించిన జాతి. వెడల్పు 60 సెంటీమీటర్లు దాటడమే గొప్ప. దీనికీ ప్రమాదం ఉంది, అది వేరే కథ. పెద్ద టేకు పొట్ట తెల్లగా ఉండి అంచు చుట్టూ వెడల్పాటి ముదురు పట్టీ ఉంటుంది. కొరడాలాంటి తోకకి మడత ఉండదు. ముక్కు దగ్గర చిన్న మొన పొడుచుకొస్తుంది, శరీరంతో పోలిస్తే కళ్లు చాలా చిన్నవి.

జాలరి చేపని పైనుంచి చూస్తాడు కాబట్టి వీపు గురించే చెబుతాడు. వీపులు అన్నీ గోధుమ రంగే. నా ప్రశ్నాపత్రంలో "రంగు ఏంటి?" అని ఉందే తప్ప "తిరగేస్తే ఏ రంగు?" అని లేదు. ఆయన చేపని నీళ్లలోకి జారవిడిచాక అక్కడే పడవలో కూర్చుని ప్రశ్న మార్చాను. తర్వాత నాలుగు రోజులు పాత ఇళ్లకే మళ్లీ వెళ్లి పొట్ట గురించి అడిగాం. చేపని కోసినవాళ్లకు, అంటే ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లకు, ఆ రంగు బాగా గుర్తుంది. అప్పటిదాకా నేను ఆడవాళ్లను అడగనే లేదు.

33 కబుర్లు ఇలా విడిపోయాయి: పెద్ద టేకు 14, నారింజ పొట్టది 8, ఏదో చెప్పలేనివి 11. ఆ పదకొండునీ ఏదో ఒక వైపుకి లాగాలని చాలా అనిపిస్తుంది. లాగకండి.

*బరువు ఎలా అడగాలి*

అడగొద్దు, తాడు ఇవ్వండి. ఒకాయన మొదటిసారి 150 కిలోలన్నాడు, పన్నెండు రోజుల తర్వాత అదే చేప 250 అయింది. రెండుసార్లూ ఒక నూలు తాడు ఇచ్చి "రెక్కల వెడల్పు ఎంతో నేల మీద పరవండి" అన్నాం. మొదటిసారి 1.62 మీటర్లు, రెండోసారి 1.70. చేతికి గుర్తున్నంత బాగా నోటికి అంకె గుర్తుండదు.

వెడల్పు నుంచి బరువుకి ఒక మోటు లెక్క పెట్టుకున్నాను. బోరమీ 2.2 మీటర్లకి 300 కిలోలు. బరువు వెడల్పు ఘనంతో పెరుగుతుందనుకుంటే, కిలోలు = 28 × వెడల్పు × వెడల్పు × వెడల్పు, మీటర్లలో.

- 1 మీటరు: 28 కిలోలు
- 1.5 మీటర్లు: 95 కిలోలు
- 2 మీటర్లు: 224 కిలోలు

ఒక్క చేప మీద కట్టిన లెక్క ఇది. బరువు తేల్చడానికి పనికిరాదు, పొంతన లేని మాటని పట్టుకోవడానికి పనికొస్తుంది. మీటరు వెడల్పుకి 200 కిలోలు చెప్పారంటే రెండింట్లో ఒకటి తప్పు.

*ఏడాది ఎలా అడగాలి*

మా ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ "దివిసీమ ఉప్పెన ఏడాది" అంటారు, 1977 అనరు. ఇక్కడా అంతే. 1993 ఎన్నికలు, 2000 వరద, కరోనా అని మూడు గుర్తులు రాసుకుని, వాటికి ముందా తర్వాతా అని అడిగాం. పెద్దవాళ్లు పన్నెండు జంతువుల పేర్లతో ఏడాది చెబుతారు, మన ప్రభవ విభవల్లాగా. ఒక తాత ఇంటి కప్పు వెదురులో దోపి ఉంచిన టేకు ముల్లు తీసి నా చేతిలో పెట్టాడు. రెండు వైపులా రంపపు పళ్లు, పాత దంతంలా పసుపెక్కింది. కొలిస్తే 26.5 సెంటీమీటర్లు. "మహా నాగం ఏడాది, నీళ్లు ఇంట్లోకొచ్చినప్పుడు" అన్నాడు. నాగం ఏడాదులు 1988, 2000, 2012. పెద్ద వరద 2000లో. రెండు గుర్తులూ కలిసిన చోటే ఏడాది రాశాను. ముల్లు పొడవుని బట్టి చేప సైజు మాత్రం రాయలేదు, ముల్లు ఊడి మళ్లీ పెరుగుతుంది కాబట్టి అది నమ్మదగ్గ కొలత కాదు.

ఇప్పటిదాకా మొత్తం: మాట్లాడింది 61 మంది. పెద్ద టేకు కబుర్లు 14, అందులో గత పదేళ్లవి 9. ఖర్చు 500 డాలర్లు.

మూడో దశ: రోజు 25–29. లోతు

జాలర్లు చెప్పిన చోట్లు చాలావరకు మడుగులే. ఈ భాగంలో మెకాంగ్ అడుగున చాలా లోతైన మడుగులున్నాయి. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు పెద్ద చేపలకి అవే దిక్కు. అందుకని ప్రతి కబురు పక్కన లోతు రాద్దామనుకున్నాను.

మొదట తాడుతో చేశాను. 40 మీటర్ల నైలాన్ తాడు, మీటరుకొక రంగు టేపు, చివర రెండు కిలోల ఇనుప ముక్క. మొదటి చోట 31 మీటర్లొచ్చింది. పడవ పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. మూడో చోట తాడంతా అయిపోయింది, అడుగు తగిలిన జాడ లేదు.

రాత్రి నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన ముప్ఫై ఏళ్లుగా గోదావరి మొగలో వేట చేస్తున్నాడు. "ఏమ్మా, తాడు నిలువుగా దిగిందా, ఏటవాలుగా దిగిందా?" అని అడిగాడు. ఏటవాలుగానే అన్నాను. "అయితే నువ్వు కొలిచింది లోతు కాదు, తాడు. పోటు మీద ఉన్నప్పుడు మేం బారలు లెక్కపెట్టం" అన్నాడు.

మర్నాడు పాత సామాన్ల కొట్లో సెకండ్ హ్యాండ్ సోనార్, అంటే శబ్దంతో లోతు కొలిచే పరికరం, ఒకటి కొన్నాను. ఏడు చోట్ల మళ్లీ కొలిచాం. తాడుతో పోల్చిన మూడు చోట్లు:

- చోటు 1: తాడు 31 మీటర్లు, సోనార్ 22.4
- చోటు 2, నీళ్లు నిదానంగా ఉన్న చోట: తాడు 18, సోనార్ 17.1
- చోటు 3: తాడు 40 దాటింది, సోనార్ 29.6

నిదానపు నీళ్లలో తాడు చాలు. ప్రవాహంలో సోనార్ లేకపోతే లోతు రాయకపోవడమే మేలు. ఇంకో మాట, కొలిచిన తేదీ తప్పకుండా రాయండి. వానాకాలానికీ ఎండాకాలానికీ ఇక్కడ నీటిమట్టం పది మీటర్లకు పైగా మారుతుంది. తేదీ లేని లోతు పనికిరాదు.

ఖర్చు: 165 డాలర్లు. మొత్తం 665.

నాలుగో దశ: రోజు 30–34. నీళ్ల నమూనాలు, అన్నీ పారేసినవే

చేప నీళ్లలో వదిలే డీఎన్ఏని వడకట్టి పట్టుకోవచ్చు. చేపని ముట్టుకోనక్కర్లేదు. ఆరు చోట్ల, చోటుకి రెండు చొప్పున 12 నమూనాలు తీశాం. శుభ్రమైన నీళ్లు పోసి వెంట తిప్పిన సరిచూపు సీసాలు రెండు.

మొదటి ఇబ్బంది బురద. 0.45 మైక్రాన్ల ఫిల్టరు పెట్టాను. లీటరు వడకట్టాలని లెక్క, 180 మిల్లీలీటర్లకే మూసుకుపోయింది. సిరంజి నొక్కి నొక్కి బొటనవేలు బొబ్బలెక్కింది. మూడో చోటు నుంచి 5 మైక్రాన్లది వాడితే లీటరు పూర్తయింది. కానీ ఒకే సర్వేలో రెండు రకాల ఫిల్టర్లైతే ఫలితాలు పోల్చలేం. నది నీళ్లు ఒక గ్లాసు తెచ్చి ఇంటి దగ్గరే పరీక్షించుకుని ఉంటే ఈ సంగతి ముందే తెలిసేది.

రెండో ఇబ్బంది ఇంకా పెద్దది. ల్యాబ్ నుంచి జవాబొచ్చింది: సరిచూపు సీసాలు రెండింట్లోనూ చేపల డీఎన్ఏ ఉంది. అంటే మిగతా 12 నమూనాల్లో ఏది కనిపించినా నమ్మడానికి లేదు. కారణం వెతికితే ఐస్ పెట్టె దగ్గర తేలింది. నా పెట్టె మూత విరిగితే చేపలమ్మే ఆవిడ దగ్గర ఒకటి అరువు తెచ్చుకున్నాం. కడిగాం, సబ్బుతో రుద్దాం. డీఎన్ఏకి సబ్బు చాలదు.

ఏడవాలనిపించింది. ఆరు రోజుల తర్వాత ఈ ముక్కలు రాస్తున్నా ఇంకా బాధగానే ఉంది. కానీ సరిచూపు సీసాలు పెట్టకపోయి ఉంటే ఆ ఫలితాన్ని నిజమని పటం మీద ఎక్కించేసేదాన్ని.

మళ్లీ చేస్తే ఇలా:

1. కొత్త పెట్టె, చేపల వాసన తెలియనిది. లోపల పది శాతం బ్లీచ్ ద్రావణంతో తుడిచి, శుభ్రమైన నీళ్లతో కడిగి ఆరబెట్టాలి.
2. చోటు మారినప్పుడల్లా కొత్త గ్లోవ్స్. ఆ రోజు చేపని ముట్టుకున్న మనిషి సీసా ముట్టుకోకూడదు.
3. పడవ మొహం ఎదురు ప్రవాహానికి పెట్టి, ముందు వైపు నుంచే నీళ్లు తీయాలి. పడవ అడుగున కారే నీళ్లు వెనక్కి పోతాయి.
4. సరిచూపు సీసా చోటుకొకటి. మొత్తానికి రెండు చాలవు.

ఒకవేళ అన్నీ సరిగ్గా కుదిరినా డీఎన్ఏ నదిలో కిందికి కొట్టుకొస్తుంది. దొరికిందంటే చేప ఇక్కడుందనో, పైనెక్కడో ఉందనో అర్థం. గడి నంబరు దాంతో తేలదు, జాలరి మాటతో కలిపి చూడాలి.

ఖర్చు: 240 డాలర్లు. మొత్తం 905.

ఐదో దశ: రోజు 35–46. నేను గీసింది టేకుల పటం కాదు

మొత్తం పనిలో నేను నేర్చుకున్నది ఇక్కడే.

14 కబుర్లనీ గడుల మీద పెడితే చక్కటి బొమ్మ వచ్చింది. పైన గుంపుగా కొన్ని, మధ్యలో ఖాళీ, కింద మళ్లీ కొన్ని. మధ్యలో ఎందుకు లేవో కారణాలు కూడా వెంటనే తోచాయి: ఇసుక మేటలు, పడవల రద్దీ, లోతు తక్కువ. రెండు పేజీలు రాసేశాను కూడా.

పడవ పెద్దాయన పటం చూసి, మధ్య ఖాళీ మీద వేలు పెట్టి ఏదో అన్నాడు. ట్రాన్స్‌లేటర్ అమ్మాయి మాట మాటా చెప్పింది: "ఆ ఊళ్లో గాలాలు లేవు, వలలే."

పెద్ద టేకు అడుగున తిరుగుతుంది. పొడవాటి తాడుకి పెద్ద గాలాలు కట్టి, చిన్న చేపని ఎరగా గుచ్చి అడుగున పరిచినవాళ్లకే పడుతుంది. 2022 మేలో ఇక్కడే దొరికిన 180 కిలోల టేకు కూడా గాలానికి పడ్డ చిన్న చేపని మింగి చిక్కుకున్నదే. పై నీళ్లలో వేసే సన్న వలకి అది పడదు, పడినా చించుకుని పోతుంది.

ప్రశ్నాపత్రంలో "ఏ సామాను వాడతారు?" అనే ప్రశ్న 24వ మనిషి నుంచే ఉంది. మొదటి రెండు ఊళ్లకి తిరిగి వెళ్లి ఆ 11 మందినీ అడిగాం. వాళ్లూ, రెండో దశ 38 మందీ కలిసి 49. ఫొటో కార్డు దగ్గర తప్పిన ఐదుగురు పోగా 44.

- పెద్ద గాలాలు వాడేవాళ్లు 17 మంది: పెద్ద టేకు కబుర్లు 13
- వలలు, చిన్న గాలాలు వాడేవాళ్లు 27 మంది: కబురు 1

ఎనిమిది ఊళ్లలో మూడింట్లో పెద్ద గాలాలు ఒక్కరి దగ్గర కూడా లేవు. ఆ మూడూ నేను "లేదు" అని రాసిన గడులే. నా పటం గాలాల పటం అయింది. టేకులు ఎక్కడున్నాయో దానికి తెలియదు, గాలాలు ఎక్కడున్నాయో తెలుసు. ఇలాంటి పటం చూసి ఎవరైనా మధ్య భాగంలో టేకులు లేవు కదా, ఏ కట్టడమైనా కట్టుకోవచ్చు అనుకుంటే? ఆ ఆలోచనకే నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఆ రెండు పేజీలూ చెరిపేశాను.

కొత్త పటంలో మూడు కాదు, నాలుగు రంగులు:

1. ఆకుపచ్చ: కబురుంది, పొట్ట రంగుతో సరిపోయింది.
2. ఎరుపు: పెద్ద గాలాలు వాడేవాళ్లు కనీసం ముగ్గురున్నారు, పదేళ్లలో ఎవరికీ పడలేదు.
3. పసుపు: అడిగాం, కానీ పడే సామాను అక్కడ లేదు. ఉందనీ లేదనీ చెప్పలేం.
4. తెలుపు: అడగలేదు.

14 గడులు: ఆకుపచ్చ 4, ఎరుపు 1, పసుపు 3, తెలుపు 6.

బొమ్మ ఇప్పుడు చూడ్డానికి అంత బాగోదు, సగానికి పైగా పసుపూ తెలుపే. కానీ ఎక్కడికి వెళ్లాలో చెబుతుంది. "లేదు" అని రాసే హక్కు ఒక్క గడిలోనే ఉంది, అదీ పదేళ్ల మాట.

ఖర్చు: 70 డాలర్లు. మొత్తం 975.

రోజు 47. మూడో ఊరు, మళ్లీ

ఫోన్ కార్డులిచ్చి పాడుచేసుకున్న మూడో ఊరికి తిరిగి వెళ్లాం. వెళ్లాలంటే టెన్షన్‌గానే ఉంది. నాలుగు టేకులు చెప్పిన ఆయన ఇంటి కిందే కూర్చుని గాలాలకి పదును పెడుతున్నాడు. ఈసారి కార్డులు లేవని ముందే చెప్పి, టీ పొడి ప్యాకెట్ చేతికిచ్చి, పక్కన కూర్చున్నాను. ప్రశ్నాపత్రం సంచిలోంచి తీయలేదు.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆయనే అన్నాడు: "చిన్నపిల్లా, అప్పుడు కార్డు కోసం చెప్పాను. నేను చూసింది ఒక్కటే."

కరోనాకి ముందు ఏడాది, ఎండాకాలం, అడుగు గాలాలకి. భార్య లోపలి నుంచే అందుకుని పొట్ట రంగు చెప్పింది: తెలుపు, అంచు చుట్టూ నల్లటి పట్టీ. నారింజ లేదు. తాడు ఇస్తే ఆయన నేల మీద పరిచి, రెండుసార్లు సర్ది, ఒకవైపు కొంచెం వెనక్కి లాగాడు. 1.34 మీటర్లు. నా మోటు లెక్క ప్రకారం 67 కిలోలు. ఆయన అడక్కుండానే చెప్పిన బరువు 70. కూనగా ఉందని, కోసినా కొనేవాళ్లు దగ్గర్లో లేరని, గాలం కోసి వదిలేశానని చెప్పాడు. ఫొటో కార్డులు పరిస్తే నేరుగా సరైనది తీశాడు. చుక్కల టేకు కార్డు వైపు చూసి "ఇది మా నదిది కాదు" అన్నాడు.

పదిహేనో కబురు. గడులు: ఆకుపచ్చ 5, ఎరుపు 1, పసుపు 3, తెలుపు 5.

మిగిలిన ఐదు తెల్ల గడులకి నవంబరులో, నీళ్లు దిగడం మొదలయ్యాక వెళ్తాం. మూడు పసుపు గడుల కోసం ఆయనే ఒక మాట చెప్పాడు: ఆ మధ్య ఊళ్లలో ఇప్పుడు వలలే కానీ, వాళ్ల నాన్నల తరంలో గాలాలుండేవట. ఏ ఇళ్ల అటకల మీద పాత గాలాలున్నాయో అడిగి రాసుకున్నాను, నాలుగు ఇళ్లు.